ఆరో రీలు ముందు

జమ్మలమడుగు హైస్కూల్లో తెలుగు పండితుడు త్రివిక్రమరావు సినిమాకు వచ్చి కూర్చున్నాడంటే ఆ టాకీసు యజమానికి ఆ పూట అన్నం సయించేది కాదు. మనిషి చూస్తే బక్కపలచన. గాలి గట్టిగా వీస్తే ధోవతి పట్టుకోవాలో తనను తాను పట్టుకోవాలో తెలియని ఆకారం. గొంతు పిల్లలకు పద్యాలు చెప్పీ చెప్పీ మెత్తబడిపోయింది. కలం పట్టుకున్నాడా, ఇక అయిపోయిందే! ప్రొద్దుటూరి నుంచి వారం వారం వచ్చే నాలుగు పేజీల పత్రికలో మూడో పేజీ ఆయనది. "తెర ముందు మనిషి" అని దానికి పేరు. ఆ పేజీ చదివి సినిమాకు పోవాలా మానాలా అని తేల్చుకున్నవాళ్లు ఎందరో తెలియదు గానీ, చదివి ఆయన్ను తిట్టుకున్నవాళ్లు మాత్రం కోకొల్లలు.

తిట్టరూ మరి? "కన్నతల్లి పోయిన నాలుగో నిమిషానికి కొడుకు తోటలో పాట ఎత్తుకున్నాడు. దినాలైనా కానివ్వండి నాయనా" అని రాశాడొకసారి. "హీరో కటిక పేదవాడట. ఆ చొక్కాకున్న ఇస్త్రీ మా హెడ్మాస్టరు చొక్కాకు కూడా లేదు" అని రాశాడింకోసారి. ఆ వారం హెడ్మాస్టరు కూడా తిట్టాడు.

పులివెందుల ఆయన అత్తగారి ఊరు. అక్కడొకసారి డేరా టాకీసువాళ్లు ఆఖరి బస్సుకు జనాన్ని వదలాలని మధ్యలో ఒక రీలు ఎగరగొట్టారు. ఎవరూ కనిపెట్టలేదు. ఈయన లేచి పోయి తెరకు అడ్డంగా చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. హీరోయిన్ ముఖం ఈయన ధోవతి మీద పడి ఏడుస్తోంది. "మింగిన రీలు కక్కితే గానీ కదలను" అన్నాడు. కక్కించాడు కూడా. బావమరిది తువ్వాలు ముఖం మీద కప్పుకుని బయటికి పోయాడు పాపం. "అల్లుడు దేవుడట్లాంటోడే, సినిమా కాడ మాత్రం దెయ్యమప్పా" అని పులివెందులలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

తెలుగు సినిమాలను అంత చీల్చి చెండాడే మనిషి దేశదేశాల సినిమాల దగ్గరికి వచ్చేసరికి వెన్నలా కరిగిపోయేవాడు. మద్రాసులో అక్క ఉండేది. వేసవి సెలవుల్లో అక్కడికి పోయి, ఆదివారం పొద్దున ఫిల్ము సొసైటీవాళ్లు అద్దె హాల్లో వేసే సినిమాలకు మొదటి వరుసలో కూర్చునేవాడు. తిరిగి వచ్చి మూడో పేజీలో అవే రాసేవాడు. జపానువాళ్ల సినిమా ఒకటి చూశాడట. గొడుగులు బాగుచేసే ముసలాయన వాన కోసం సినిమా పొడుగునా ఎదురుచూస్తాడు. "కడప జిల్లాలో తీయవలసిన సినిమా, దారి తప్పి జపానులో తీశారు" అని రాశాడు. ఫ్రెంచివాళ్ల సినిమాలో ఒకాయన పావుగంట సేపు తుప్పు పట్టిన తాళం తీస్తాడు. మాటల్లేవు, పాటల్లేవు. "ఆ తాళం ఊడివచ్చేసరికి నా చొక్కా చెమటకు తడిసిపోయింది. మన సినిమాల్లో ఇరవై మంది కత్తులు దూసినా నాకు చెమట పట్టలేదు. ఎందుకో ఆలోచించండి" అని రాశాడు.

"ఆ సినిమాలు యాడ ఆడతాండాయి సామీ?" అని దారిలో ఆపి అడిగేవాళ్లు.

"ఈడ ఆడవప్పా."

"ఆడనిదానికి రాసేదేమిటికి?"

"పెండ్లికి ముందు పిల్లను గురించి నాలుగు మాటలు చెప్పరా? అట్లనుకో."

నవ్వుతూనే చెప్పేవాడు. ఇంటికి పోయాక ఆ నవ్వు ఉండేది కాదు. అదెందుకో చెప్పకపోతే ఈ మనిషి ఎవరో మీకు తెలియదు.

త్రివిక్రమరావుకు, మీనాక్షికి ఒక కూతురు ఉండేది. ఇందుమతి. ఇందు అని పిలిచేవాళ్లు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడు ఆ పిల్లకు అయిదేళ్లు. దసరా సెలవుల్లో మీనాక్షి తల్లి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే, మీనాక్షి పులివెందుల పోయింది. ఇందు తండ్రి దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున పిల్లకు ఒళ్లు కొద్దిగా వెచ్చబడింది. ఆయనకేమో ప్రొద్దుటూరులో కొత్త సినిమా, మొదటి ఆట. చూసి రాసివ్వాలి. పిల్లను పక్కింటి దిల్షాద్‌బీ ఒళ్లో పెట్టి, "సాయంత్రానికి వస్తానమ్మా" అని బస్సెక్కాడు. వచ్చేసరికి పిల్ల గొంతు వాచి, ఊపిరి ఈలలాగా వస్తోంది. ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తాడు. కంఠసర్పి అన్నారు. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది.

టెలిగ్రాము అంది, ముద్దనూరు మీదుగా బస్సు మారి మీనాక్షి వచ్చేసరికి అంతా అయిపోయింది. గడపలో నిలబడి ఇల్లంతా ఒకసారి చూసింది. లోపలికి పోయి పొయ్యి అంటించింది. ఏడవలేదు. ఏం జరిగిందని అడగలేదు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇందు పేరు వినిపించలేదు. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, తొమ్మిదేళ్లు! ఆమె సినిమా ముఖం చూడటం కూడా అప్పుడే మానేసింది. ఆయనేమో ఆ ఆదివారం తాను ఎక్కడికి పోయాడో భార్యకు చెప్పలేదు. చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచాడో ఆ దేవుడికే తెలియాలి. తెరిచి, "మజ్జిగ ఉందా?" అని అడిగేవాడు. అబద్ధం చెప్పే సినిమా కనబడితే ఆయనకు ఒళ్లు మండిపోయేది అందుకే. ఆ మంట తన మీదే.

పంతొమ్మిది వందల అరవై రెండు వేసవిలో మద్రాసులో ఆయన యుగోస్లావియా దేశపు సినిమా ఒకటి చూశాడు. "ఉప్పుమడులు" అని దాని పేరు. సముద్రం ఒడ్డున ఉప్పు పండించే పల్లె. ఒక తల్లి, ఒక కూతురు. మొదటి రీల్లో వాన కురుస్తుండగా ఉప్పు కొట్టంలో పిల్ల పుడుతుంది. రెండో రీల్లో నడక నేరుస్తుంది. మూడో రీల్లో తిరునాళ్లకు పోతుంది. నాలుగో రీల్లో జ్వరం. అయిదో రీల్లో పూడ్చిపెట్టి వస్తారు. ఆరో రీల్లో తల నెరిసిన తల్లి ఒక్కతే ఉప్పు పోగు చేసుకుని ఇంటికి వచ్చి, మరిచిపోయి రెండు కంచాలు పెట్టి, కాసేపు చూసి, ఒకటి తీసి లోపల పెడుతుంది. అంతే సినిమా.

మొదటి వరుసలో కూర్చున్న జమ్మలమడుగు పండితుడు వెక్కివెక్కి ఏడ్చాడు. తొమ్మిదేళ్ల ఏడుపు! పక్కనున్న అరవాయన జేబురుమాలు ఇచ్చాడు. ఆ రుమాలుతో ముఖం తుడుచుకుంటూ ఆయన అనుకున్నది ఒకటే. మీనాక్షి ఈ సినిమా చూడాలి. నా నోటితో చెప్పలేనిది ఆమెకు ఇది చెబుతుంది. ఒక్కసారి చూస్తే చాలు, ఆమె నోరు తెరుస్తుంది.

ఇక పట్టుకుంటే వదలని రకం కదా. సొసైటీ కార్యదర్శి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. ఆ రీళ్ల పెట్టె ఆగస్టులో మద్రాసు నుంచి బొంబాయికి రైల్లో పోతుందని తెలుసుకుని, దాన్ని శనివారం ఎర్రగుంట్ల స్టేషన్లో దింపి, సోమవారం మళ్లీ ఎక్కించేటట్టు ఒప్పించాడు. నడుమనున్న ఆదివారం ఆయనది. పెట్టెను పెన్న దాటించి ప్రొద్దుటూరు చేర్చాడు.

టాకీసు శ్రీపతిశెట్టిది. ఆయన సినిమాలను ఈయన ఎన్నిసార్లు ఉతికి ఆరేశాడో లెక్కలేదు. శెట్టి చిరునవ్వు నవ్వాడు.

"పాటలుండాయా సామీ?"

"లేవు."

"ఫైటింగు?"

"లేదు."

"మరేముండాది?"

"ఉప్పుండాది."

"ఉప్పా!" అన్నాడు శెట్టి. "సరే సామీ. ఆదివారం పొద్దున పది గంటలకు హాలు ఖాళీనే, ఇస్తా. జనం లేచిపోయినారో, మళ్లా మీరు మా టాకీసు మెట్టెక్కొద్దు. సమ్మతమేనా?"

"సమ్మతమే" అన్నాడు త్రివిక్రమరావు. ఆయన భయం జనం గురించి కాదు. మీనాక్షి వస్తుందా, వచ్చినా కూర్చుంటుందా అన్నదే.

మీనాక్షిని రప్పించే పని దిల్షాద్‌బీ చేసింది. ఆమె, ఆమె భర్త మక్బూల్ ఇప్పుడు ప్రొద్దుటూరులోనే ఉన్నారు. మక్బూల్ అదే టాకీసులో ఆపరేటరు. "అక్కా, ఈ ఊరొచ్చి ఆరేండ్లాయె. ఒక్కనాడన్నా మా ఇల్లు తొక్కినావా? నేను సచ్చినాక వస్తావా?" అని మనిషితో చెప్పి పంపింది. ఆ మాటకు మీనాక్షి బయలుదేరింది. వచ్చాక, "నీ మొగుడు ఊరంతా పిలిచి సినిమా ఏస్తాండాడు, నువ్వు నా ఇంట్లో కూసుంటే నాకేం మర్యాదక్కా?" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మీనాక్షి ఆడవాళ్ల బెంచీ మీద, గోడవైపు తల దించుకుని కూర్చుంది. అంతమందిలోనూ ఆ దించిన తల ఒక్కటే ఆయనకు కనబడుతోంది.

జనం బాగానే వచ్చారు. మగ్గం పనివాళ్లు, పత్తి మిల్లువాళ్లు, అంగడి శెట్లు, బడిపంతుళ్లు. "ఈయప్ప మనోళ్ల సినిమాలన్నీ తిడతాడు గదా, ఈయప్పది ఎట్లుంటాదో చూస్తాం పాండి" అని వచ్చినవాళ్లే సగం మంది.

మక్బూల్ గురించి ఒక మాట చెప్పాలి. తన క్యాబినులోకి యజమానిని కూడా రానిచ్చేవాడు కాదు. త్రివిక్రమరావుకు మాత్రం సలాము చేసి స్టూలు వేసేవాడు. ఎందుకంటే సినిమా ఎంత చెత్తదైనా, ఆట శుభ్రంగా నడిపితే "ఆపరేటరు మక్బూల్‌కు నమస్కారం" అని పత్రికలో రాసిన మనిషి ఈ భూమ్మీద ఈయనొక్కడే. అక్కడున్నది ఒకే యంత్రం. ఒక రీలు అయిపోగానే దీపాలు వెలిగించి, ఇంకోటి ఎక్కించాలి. మక్బూల్ చదువుకున్నది ఉర్దూ బడిలో. కుడి నుంచి ఎడమకు రాయడం, కుడి నుంచి ఎడమకు పేర్చడం. ఇరవై ఏళ్లుగా రీళ్లను బల్ల మీద కుడి నుంచే వరుసగా పెట్టుకుంటాడు, తానే తీసుకుంటాడు, తానే ఎక్కిస్తాడు. ఏనాడూ తప్పు జరగలేదు.

ఆ రోజు త్రివిక్రమరావుకు కాలు ఒకచోట నిలవలేదు. "మొదటి రీలు నా చేత్తో ఇస్తాను మక్బూల్" అన్నాడు. మక్బూల్ దీపం సరిచేసుకుంటూ చెయ్యి చాపాడు. ఈయన తెలుగు పండితుడాయె. బల్ల దగ్గరికి పోయి ఎడమ చివర ఉన్న రీలును రెండు చేతులతో ఎత్తి, దండం పెట్టుకుని అందించాడు. ఊళ్లు తిరిగి తిరిగి రీళ్ల మొదట్లో నంబరు ఉండే ముక్కలు ఎప్పుడో చిరిగిపోయాయి. మక్బూల్ చూడలేదు, అయ్యవారు ఇచ్చాడు కదా అని ఎక్కించేశాడు.

కిందికి దిగి తెర పక్కన మైకు పట్టుకున్నాడు త్రివిక్రమరావు. భాష రానివాళ్ల కోసం కథ చెబుదామని నాలుగు కాగితాల నిండా రాసుకొచ్చాడు. దీపాలు ఆరాయి. "అదిగో చూడండి, వాన కురుస్తోంది..." అని అందుకుని, తెర వైపు తిరిగాడు.

వాన లేదు. తెల్లటి ఎండలో తల నెరిసిన ఆడమనిషి ఉప్పు పోగు చేస్తోంది.

ఆరో రీలు! ఆఖరిది! మైకు అక్కడే వదిలి మెట్లు రెండేసి ఎక్కి క్యాబినులో పడ్డాడు. మక్బూల్ అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు.

"నేను కుడి దిక్కు నుంచి పెట్టుకుంటా సామీ. మీరు ఎడమ దిక్కుది ఇచ్చినారు. తప్పు నాది, చూసుకోలేదు. ఆపేదా? లైట్లేసి మొదటిది ఎక్కిస్తా."

పులివెందులలో ఒక రీలు పోయిందని తెరకు అడ్డం పడ్డ మనిషి! రీళ్లు తారుమారు చేసినవాడు తల తీసి కాళ్లకు అతికించినవాడేనని అచ్చులో రాసిన మనిషి! "ఆపు" అనబోయి, కన్నంలోంచి హాల్లోకి చూశాడు. తెర వెలుగు ఆడవాళ్ల బెంచీల మీద పడుతోంది. మీనాక్షి తల ఎత్తింది. నెరిసిన తల్లి రెండు కంచాలు పెట్టి, నిలబడిపోయి, ఒకటి తీస్తోంది. మీనాక్షి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

దీపాలు వెలిగి, గోల లేచి, ఆమె ఆ తల మళ్లీ దించుకుందా, ఇంకో జన్మకు గానీ ఎత్తదు. అది ఆయనకు తెలుసు.

"ఆపొద్దు" అన్నాడు. "ఇట్లనే పోనీ. అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి."

"ఎనక్కా?" అన్నాడు మక్బూల్.

"ఎనక్కే."

రీలు చివర తెర మీద ఏవో నాలుగు అక్షరాలు పడ్డాయి. "సమాప్తం" అని ఆ దేశపు మాట. జనమంతా అదే సినిమా పేరనుకున్నారు. "పేరు చివర్లో ఏసినారు, కొత్తగుండాదే!" అని ఒక పత్తి మిల్లు మనిషి మెచ్చుకున్నాడు కూడా. దీపాలు వెలిగాయి. త్రివిక్రమరావు మైకు ముందు నిలబడి, రాసుకొచ్చిన కాగితాలను మడిచి జేబులో కుక్కాడు.

"అయ్యా, అమ్మా! ఈ తల్లి ఒంటరిదై రెండు కంచాలు పెట్టింది. ఆ రెండో కంచం ఎవరిది? దీనికి ముందు ఏం జరిగిందో ఇప్పుడు చూడండి."

అంతే. ఒక్కరూ లేవలేదు. మన జనానికి కథ చివర ముందే తెలియడం కొత్తా ఏం? తోలుబొమ్మలాటకు పోయే ముసలమ్మ ఎవరు చస్తారో, ఎవరు గెలుస్తారో తెలియకనా పోతుంది? తెలిసే పోతుంది. ఎట్లా జరిగిందో మళ్లీ ఒకసారి చూసి కన్నీళ్లు పెట్టుకోవడానికి పోతుంది. ఇన్నేళ్లు మూడో పేజీలో ఊరికి సినిమా చూడటం నేర్పుతున్నానని అనుకున్న త్రివిక్రమరావుకు ఊరికి అది ఎప్పుడో వచ్చని ఆ రోజు తెలిసింది. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

అయిదో రీల్లో పూడ్చిపెట్టి వచ్చారు. చిన్న పెట్టె చూడగానే హాలంతా "అయ్యో" అంది. నాలుగో రీలు జ్వరం. పిల్ల మంచం మీద ఆయాసపడుతుంటే ఆయన తెర వైపు చూడలేదు, ఆడవాళ్ల వైపే చూశాడు. మీనాక్షి దిల్షాద్‌బీ చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. లేవలేదు. కళ్లు కూడా మూసుకోలేదు.

మూడో రీలు ఎక్కించడానికి దీపాలు వెలిగినప్పుడు ముందు వరుసలో ఒక అవ్వ లేచి నిలబడింది.

"అయివారూ! అయితే ఇంగ ఇప్పుడొచ్చేదాంట్లో పిల్ల బతికుంటాదా?"

"బతికే ఉంటాదవ్వా. ఇంగ ఆఖరు దాకా బతికే ఉంటాది."

హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఆ చప్పుడు ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు. తిరునాళ్లలో పిల్ల గిరగిరా తిరిగితే జనం నవ్వారు. నడక నేరుస్తూ ఉప్పు కుప్ప మీద కూలబడితే ఇంకా నవ్వారు. తల్లి జుట్టు రీలు రీలుకు నల్లబడుతోంది. చివరగా వాన వచ్చింది. ఉప్పు కొట్టంలో పిల్ల పుట్టింది. తల్లి ఆ పసిగుడ్డును రెండు చేతులతో ఎత్తి, గుమ్మంలోంచి వానను చూపించింది. రీలు అయిపోయింది. ప్రొద్దుటూరు జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.

శ్రీపతిశెట్టి కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "సామీ, ఇది రేపు ఇంగో ఆట ఏస్తామా?" అన్నాడు. త్రివిక్రమరావుకు ఆ మాట వినబడలేదు. ఆడవాళ్ల బెంచీల దగ్గర దిల్షాద్‌బీ భుజం మీద తల పెట్టి మీనాక్షి గొంతెత్తి ఏడుస్తోంది. ఎవరు చూస్తున్నారో, ఏమనుకుంటారో ఏమీ పట్టించుకోకుండా, తొమ్మిదేళ్ల కిందట గడపలో ఏడవాల్సిన ఏడుపు అక్కడ ఏడుస్తోంది. "ఏడువక్కా, ఏడువు, బాగా ఏడువు" అని దిల్షాద్‌బీ వీపు నిమురుతోంది, తానూ ఏడుస్తోంది.

మధ్యాహ్నం మూడు గంటల బస్సుకు ఇద్దరూ జమ్మలమడుగు బయలుదేరారు. కిటికీ పక్క మీనాక్షి, ఇవతల ఆయన. ఊరు దాటాక ఆయనకు మనసు ఆగలేదు. తప్పు పట్టడమే వృత్తిగా బతికినవాడు తన తప్పు దాచుకుని ఎంతసేపని కూర్చుంటాడు?

"మీనాక్షీ, ఆ సినిమా అట్ల తీసింది కాదు. రీళ్లు తలకిందులైనాయి. తప్పు నాదే."

"తెలుసులెండి. తల నెరిసినామెకు రాన్రానూ జుట్టు నల్లబడతాంటే ఆ మాత్రం తెలీదా నాకు?"

"మరి..."

"వరసగా ఏసింటే జ్వరం కాడనే లేచి ఎల్లిపోయిందును."

బస్సు చెరువుకట్ట మీద కుదుపుతూ పోతోంది. కాసేపటికి ఆమె కిటికీలోంచి ముఖం తిప్పకుండానే అంది.

"ఇందుది చెప్పండి."

తొమ్మిదేళ్లకు ఆ పేరు ఆమె నోట విన్నాడు. "ఏం చెప్పమంటావు?"

"నేను లేనప్పుడు జరిగిందంతా. ఆ సినిమా మాదిరే చెప్పండి. చివర నుంచి."

చెప్పాడు. మక్బూల్, తాను కలిసి గుంత తీసిన చోటు చెప్పాడు. ఏ పావడా కట్టి పంపాడో చెప్పాడు. దానికి ముందు ఆ పొద్దున ఆసుపత్రిలో చేతిలో చెయ్యి ఎట్లా చల్లబడిందో చెప్పాడు. దానికి ముందు రోజు "అమ్మ యాడుంది?" అని ఎన్నిసార్లు అడిగిందో చెప్పాడు. అక్కడ మీనాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆపమనలేదు. ఎత్తుకుని పరుగెత్తిన సంగతి చెప్పాడు. దానికి ముందు, ఆ ఆదివారం పొద్దున. అక్కడికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"చెప్పండి" అంది మీనాక్షి.

"పొద్దున్నే దాని ఒళ్లు వెచ్చబడింది. నేను... నేను సినిమాకు పోయినా మీనాక్షీ. పిల్లను దిల్షాద్‌బీ కాడ ఇడిసిపెట్టి, సినిమాకు పోయినా."

చెప్పేశాక తల ఎత్తలేదు. ఆమె ఏమన్నా పడటానికి సిద్ధంగా కూర్చున్నాడు. కొట్టినా పడేవాడే.

"తెలుసు" అంది మీనాక్షి. "దిల్షాదు నాకప్పుడే చెప్పింది."

"తొమ్మిదేండ్లు తెలిసే ఉండావా!"

"మీరే చెప్తారని చూసినా." ఆమె కిటికీ నుంచి ఇటు తిరిగి, ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "ఆడ నిలపొద్దు. ఇంగా ఎనక్కు రండి."

ఆయన వెనక్కి వచ్చాడు. ఆదివారానికి ముందు శనివారం, దానికి ముందు దసరా, ఆ ముందటి ఎండాకాలం. పలక మీద తొలి అక్షరం రాసి నాలుకతో తుడిచేసిన పొద్దు. పులివెందుల్లో తాత తోటలో చీనీకాయ కోసం చెట్టెక్కి, దిగలేక పిల్ల ఏడ్చిన పొద్దు. ఆయన మరిచిపోయినవి ఆమె అందిస్తోంది, ఆమెకు తెలియనివి ఆయన చెబుతున్నాడు. ఒకచోట ఇద్దరూ పెద్దగా నవ్వారు కూడా. ముందు సీటులో ఉన్న రైతు వెనక్కి తిరిగి చూసి, ఏడుపూ నవ్వూ కలిసిన ఆ ముఖాలు చూసి, గమ్మున మళ్లీ తిరిగి కూర్చున్నాడు. పాకింది, బోర్లాపడింది, పేరు పెట్టారు.

బస్సు ఆగింది. జనమంతా మూటలు ఎత్తుకుని దిగిపోయారు. కండక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సామీ, జమ్మలమడుగు వచ్చింది. దిగాల."

మీనాక్షి అతని వైపు చెయ్యి ఎత్తింది.

"రొంత ఉండప్పా. మా పాప ఇంగా పుట్టలే."